పొదిగే పూరేడు

అమెరికాలోని నోవైలో మా మనవరాలు బటన్ క్వెయిల్ జతను పెంచుతోంది. మన పూరేడులాంటివే, గుప్పెట్లో ఇమిడేంత పిట్టలు.

"తాతా, కలర్ ఉన్నది బాయ్, బ్రౌన్‌ది గర్ల్. షాప్ అంకుల్ చెప్పాడు" అంది.

"గుడ్డు పెడుతుంటే చూశాడా ఆయన?" అన్నాను.

ఈ జాతికి ఆ మాట నిజమేనట. అయినా సరే, రంగు చూసి ఆడా మగా తేల్చేవాళ్లను నేను నమ్మను. పంజరంలోని తడి గడ్డి వాసన తగిలితే చాలు, మా మామయ్య గుర్తొస్తాడు.

నా చిన్నప్పుడు ఆయన పూరేడు పిట్టల జతను పట్టి తెస్తే, పెరట్లో బుట్ట కింద పెంచాం. నల్ల గొంతుతో పెద్దది ఒకటి, మట్టిరంగులో చిన్నది ఒకటి. గుడ్లు పెట్టడం అయ్యాక చిన్నది వాటిమీద కూర్చుంది.

"పొదిగేదే పెట్ట. ఆ నల్ల గొంతు పుంజును కూర వండెయ్" అన్నాడు మామయ్య.

"అన్నయ్యా, ఆ పెద్దదే గుడ్డు పెడుతుంటే కళ్లారా చూశాను" అంది అమ్మ.

"మగాడు పొదుగుతాడటే పిచ్చిదానా? ఇంకా నయం, మీ ఆయన్ని పురిటికి పంపమన్లేదు!"

ఇంటిల్లిపాదీ నవ్వారు. పిట్టను కాపాడాలని అమ్మ అబద్ధమాడుతోందేమోనని నాకూ అనుమానమే.

చాలా ఏళ్లకు పిట్టల పుస్తకాలు నా అంతట నేనే కూడబలుక్కుని చదివితే తెలిసింది. మన పూరేడుల్లో నల్ల గొంతుది ఆడది. పొదిగి పిల్లల్ని సాకేది మగది. నిలదీద్దామంటే అప్పటికి మామయ్య లేడు.

ఆ రోజు అమ్మే కూర వండి అందరికీ వడ్డించింది. తను మాత్రం మజ్జిగన్నం తిని లేచింది. అలిగిందనుకున్నాను. కళ్లారా చూసిన మనిషి ఎలా తింటుంది?