పురుగు తినని గింజలు

వానలు మొహం చాటేసిన ఏడు అది. నా చిన్నప్పుడు రామనగుడ పక్కన మెట్ట మీద మా చోడి, అంటే రాగి, చేను మోకాలెత్తు కూడా లేవకుండా మాడిపోయింది. అమ్మా నాన్నా కూలి వెతుక్కుంటూ గుణుపూర్ వైపు వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. ఇంట్లో మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, నేను, నా తమ్ముడు మిగిలాం. తమ్ముడు చాప మీంచి లేవడం మానేశాడు.

మా దొడ్లో మేకలుండేవి. అవి సావుకారివి. పగలు మేపి, రాత్రి మా దొడ్లో కట్టేసినందుకు మాకు దక్కేది వాటి పెంటికలే, చేనుకు ఎరువుగా. మేత చాలక వాటి పొదుగులు కూడా ఎండిపోయాయి. ఒక్క మేక తగ్గినా ఆయన మమ్మల్ని ఊళ్ళో ఉండనివ్వడు.

ఒక ఉదయం మామ్మ నన్ను తుమ్మకాయలకు పంపింది. కరువులో ఆ గింజలు ఉడకబెట్టుకుని తినడం ఆవిడ చిన్నతనంలో చూసిందట. చెట్ల కింద రాలినవన్నీ ఏరి బుట్ట నింపుకొచ్చాను. నా సంబరం గుమ్మం దాకానే. ప్రతి కాయకూ ఆవగింజంత చిల్లులు. చిదిమితే పిండి, అందులో గోధుమరంగు పురుగు. నీళ్ళలో పోస్తే గింజలన్నీ తేలిపోయాయి.

"మనకంటే ముందే తినీసిందమ్మీ," అని మామ్మ నేల మీద కూలబడింది. ఆవిడ ఏడవగా చూడడం నాకదే మొదటిసారి.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, చేట పట్టుకుని దొడ్లోకి నడిచింది. ఆ ఎండాకాలం మొదట్లో, తుమ్మకాయలు పండీ పండకముందే దోటితో దులిపి ఆవిడే మేకలకు వేసింది. ఎండిన పెంటికల కుప్పను చిదిపి చెరిగితే నల్లటి గింజలు మెరుస్తూ బయటపడ్డాయి. ఒక్కదానికీ చిల్లు లేదు. కడిగింది, ఉడికించింది, వగరు నీళ్ళు మళ్ళీ మళ్ళీ పారబోసింది, వేయించి తిరగలిలో విసిరి జావ కాచింది.

"ఏటి మామ్మా ఇది?" అన్నాడు తమ్ముడు నీరసంగా.

"అడివి సెనగలు నాయినా."

నేను గిన్నె ముట్టుకోలేదు. మామ్మ నా వంక చూసి, ముందు తానే ఒక గుక్క తాగింది. మూతి తుడుచుకుని, "సావుకారి మేకలు మన కోసం ఏరి పెట్టినాయే! ఆ సావుకారికి సెప్పకు, నువ్వూ తాగు," అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తాగాను. తమ్ముడు గిన్నె నాకి, "ఇంకా ఎయ్యి," అన్నాడు.

మర్నాడు వాడు గోడ పట్టుకుని లేచాడు. వానలు పడి అమ్మా నాన్నా వచ్చేదాకా ఆ కుప్ప మీదే బతికాం.

బడి చదువు లేకపోయినా, పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుని, గ్రంథాలయంలో కూర్చుని పురుగుల గురించి స్వయంగా చదువుకున్నాను. తల్లి పురుగు తుమ్మకాయ మీద గుడ్డు పెడుతుంది. పిల్ల గింజలోకి తొలుచుకుపోయి దాన్నే తిని పెరుగుతుంది. ఈలోగా మేక తినేస్తే పిల్ల చస్తుంది, గట్టి గింజ బయటపడి మరోచోట మొలుస్తుంది. ఆ పేజీలో చెట్టూ, పురుగూ, మేకా ఉన్నాయి. వాటి వెనకాల చేట పట్టుకున్న ముసలమ్మ లేదు.

ఎవరికైనా వడ్డించే ముందు నేనొక ముద్ద నోట్లో వేసుకుంటాను. పెట్టకుండానే తినేస్తుందని మా కోడళ్ళు నవ్వుతారు. నవ్వనీ అని మరో ముద్ద కలిపి పెడతాను.