డ్యూరబుల్ కుర్చీ ఎక్కిన వేళ

ఆ రోజుల్లో సరుకు గట్టిదని నోటితో చెబితే తెనాలిలో ఎవరూ నమ్మేవారు కాదు. అమ్మేవాడు దానిమీదెక్కి నిలబడాలి. మా బాబాయిది ప్లాస్టిక్ సామాన్ల కొట్టు. అక్కడ నేను బకెట్లెక్కాను, స్టూళ్ళెక్కాను, ఒకసారి పసిపిల్లల టబ్బు బోర్లించి ఎక్కబోతే (అప్పటికే పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చిన వయసు) బాబాయే చెయ్యిపట్టి ఆపాడు. ఆయన రేపల్లెలో ఇంకో కొట్టు తెరవబోతున్నాడు. దాన్ని నాకప్పగించాలా వద్దా అని బేరీజు వేస్తూ, "ఆరు కుర్చీలు ఒక్క బేరంలో అమ్మరా, తాళంచెవి నీదే" అన్నాడు.

మర్నాడే బాపట్ల నుంచి ఒక రిటైరైన ఇంగ్లీషు మాస్టారు వచ్చి సరిగ్గా ఆరు కుర్చీలడిగారు. "డ్యూరబుల్ అండి మాస్టారూ" అన్నాను. "అంటే ఏంటి నాయనా?" "ఎన్నేళ్ళయినా ఉండేదండి." "ఆ మాట ఎక్కణ్ణించి వచ్చింది?" "కంపెనీ నుంచేనండి, అట్టపెట్టె మీదే ఉంటది." ఆయన నవ్వలేదు. ఒక కుర్చీలో కూర్చుని పాఠం మొదలుపెట్టారు. లాటిన్‌లో 'డ్యూరస్' అంటే గట్టిదట. అందులోంచి 'డ్యూరారే': గట్టిపడటం, ఓర్చుకోవడం, ఓర్చుకుని నిలవడం. "కొత్తలో తళతళలాడటం గొప్పేం కాదోయ్, దెబ్బలు తిన్నాక మిగలాలి!"

అంత ఘనమైన వంశమున్న మాటను అన్నాళ్ళూ ఉత్తినే వాడేసుకున్నందుకు సిగ్గేసింది. ఆ సిగ్గులో మామూలుగా నిలబడితే చాలదనిపించి, పక్క కుర్చీ ఎక్కి రెండుసార్లు ఎగిరాను. మూడోసారికి దాని కాలు చీలింది. నేను బకెట్ల దొంతరలో కూలబడ్డాను. బాబాయి గల్లాపెట్టె దగ్గర్నించి కదలకుండానే, "రేపల్లె బస్సు వెళ్ళిపోయిందిరా" అన్నాడు. నేను బకెట్ల మధ్యనుంచే, "మాస్టారూ, అది ఎర్రదండి, నీలంవి వేరండి. ఐదు నీలంవి తీసుకోండి, చీలింది సగం ధరకిస్తా" అన్నాను. "పావు ధర" అన్నారాయన, "ఇనపతీగ నువ్వే చుట్టియ్యాలి." తలూపాను (మెడ ఊగుతుందో లేదో చూసుకున్నట్టూ అయింది). సాయంత్రం బాబాయి తాళంచెవి ఇస్తూ, "కింద పడ్డా బేరం వదల్లేదు చూడు, అందుకూ" అన్నాడు.

ఆ మధ్య బాపట్ల వెళ్ళినప్పుడు మాస్టారింటికి వెళ్ళాను. నీలం కుర్చీలు ఐదూ ఎప్పుడో విరిగిపోయాయట. తీగ చుట్టిన ఎర్రదాంట్లో కూర్చుని పేపరు చదువుతున్నారు. "నువ్వు ఎక్కనంతకాలం డ్యూరబులేనోయ్" అన్నారు.

ఇప్పుడు రేపల్లెలో ఎవరైనా కుర్చీ గట్టిదేనా అంటే నేను ఎక్కను, మోకాళ్ళు ఒప్పుకోవు. మెల్లగా కూర్చుని చూపిస్తాను. లేవడానికి మాత్రం కొనవచ్చినవాళ్ళే చెయ్యందిస్తుంటారు.