కల్తీ లేని పొడి

బందరులో ఒక ఆఫీసులో, సర్టిఫికెట్లు సరిచూసే సెక్షన్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. సీలు కాస్త పక్కకు జరిగినా, సంతకంలో తోక కాస్త పొడుగైనా నా కంటికి ఇట్టే దొరికిపోయేది. ఉద్యోగం అయిపోయింది గానీ అనుమానం నాతోపాటే ఇంటికొచ్చింది. మా పాలవాడు ఇప్పటికీ నన్ను చూస్తే భయపడతాడు.

అలాంటిదాన్ని, మా వీధి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆకుపచ్చ పొడి సంగతి వస్తే నమ్ముతానా? క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు, ముల్లంగి ఆకు, ఆవాకు ఎండబెట్టి పొడి చేశారట. నలభై దాటిన ఆడవాళ్లకు ఎముకలు గట్టిపడతాయట, మలబద్ధకం పోతుందట, క్యాన్సర్ దగ్గరకు రాదట, హార్మోన్లు చెప్పిన మాట వింటాయట. ఇన్ని మంచి గుణాలు వంద గ్రాముల పేకెట్లో ఎలా పట్టాయో అనుకున్నాను.

తయారయ్యేది దివిసీమలో అని తెలిశాక ఇంకో అనుమానం. సముద్రం పక్క ఊరు, చేపలు ఎండబెట్టే చోటే వీటినీ ఎండబెడుతున్నారేమో! ఒక పేకెట్ తెప్పించి ముందు వాసన చూశాను. నీళ్లలో కలిపి, తెల్లగుడ్డలో వడగట్టి, రంగు దిగుతుందేమో చూశాను. చిటికెడు గరిటెలో వేసి కాల్చాను. అప్పటికీ మనసు ఒప్పుకోక, చెప్పాపెట్టకుండా బస్సెక్కి అవనిగడ్డలో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు వెళ్లాను.

పొడి చేసే ఆమె భర్త సముద్రం మీద వేటకు వెళ్తాడు. ఆమె నన్ను చూసి ఏమాత్రం కంగారు పడలేదు. అద్దం మూత ఉన్న సోలార్ డ్రయ్యర్ తెరిచి చూపించింది.

"చేపలు అటు గట్టు మీదండి, ఇయ్యి ఇటు. మా పిల్లలూ తాగేదే కదండీ, ఏదన్నా కలుపుతామా?"

"ఇంత పొడికి ఎంత ఆకు పడుతుంది?" అని నిలదీశాను.

"తట్టెడు ఆకు ఎండబెడితే దోసెడు పొడి రాదండి. నీరంతా పోయి సారమే మిగులుద్ది."

ఆ మాట నాకు తెగ నచ్చింది. ఇంటికొచ్చి పదిమందికీ చెప్పాను. నెల రోజులు మజ్జిగలో కలుపుకుని తాగాను. మోకాళ్ల నొప్పి ఎక్కడిదక్కడే ఉంది గానీ, పొద్దున్నే పడే అవస్థ మాత్రం తప్పింది. సరే, సరుకు అసలుదేనని తేల్చి, రెండు పేకెట్లు గుడివాడలో ఉన్న మా అక్కకు పట్టుకెళ్లాను.

అక్క టీచరుగా చేసి రిటైరైంది. గుండెలో వాల్వు మార్చిన మనిషి. రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఆరింటికి ఒక మాత్ర వేసుకోవాలి. నెలకోసారి రక్తపరీక్ష చేయించి, రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే అంకె డాక్టరుకు చూపించాలి. అంకె పడిపోతే వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది, ప్రాణానికే ముప్పు.

"నువ్వు చూశావుగా, ఇంక నేను చూసేదేముంది?" అని అక్క పేకెట్ వెనక ఏం రాసుందో కూడా చదవలేదు. ఆ రోజు నుంచే రెండేసి చెంచాలు మజ్జిగలో కలుపుకోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి పరీక్షలో అంకె దాదాపు సగానికి పడిపోయింది. మాత్ర మానేస్తున్నారా అని డాక్టరు అడిగి, ఎవరినైనా వెంటబెట్టుకుని రెండు రోజుల్లో మళ్లీ రమ్మన్నాడట. ఫోన్‌లో ఆ మాట వినగానే నా అనుమానం నేరుగా అక్క మీదికి వెళ్లింది. మర్చిపోతోంది, ఒప్పుకోవడానికి నామోషీ అనుకున్నాను. మర్నాడే గుడివాడ వెళ్లి, అక్క పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మాత్రల డబ్బా మంచం మీద బోర్లించాను. మందుల షాపు బిల్లు మీది తేదీ చూసి, ఒక్కో అట్ట తీసి లెక్కపెట్టాను. ఒక్క మాత్ర కూడా తేడా రాలేదు. అక్కడితో ఆగానా? మింగకుండా పారేస్తోందేమోనని చెత్తబుట్ట కూడా కెలికాను. తలెత్తేసరికి గుమ్మంలో అక్క.

"నన్ను కూడా సరిచూస్తున్నావుటే?" అంది.

సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, నీ మంచికే కదా అని ఎదురు అరిచాను.

ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. "కొత్తగా ఏమైనా తింటున్నారా అమ్మా?" అని అడిగాడు. ఏమీ లేదండీ అంది అక్క. నేను మాత్రం సంచిలోంచి పేకెట్ తీసి, "ఈ ఆకుల పొడి తాగుతోందండీ. నేనే స్వయంగా వెళ్లి చూసొచ్చాను, కల్తీ లేదు" అన్నాను గొప్పగా.

ఆయన పేకెట్ తిప్పి చదివాడు. "వీటిలో ఉండే విటమిన్ కె, అక్కగారి మాత్రకు సరిగ్గా ఎదురు పనిచేస్తుందండీ. రోజూ ఒకే మోతాదులో ఆకుకూర తింటే దానికి తగ్గట్టు మాత్ర సర్దుతాం. ఇలా ఎండబెట్టిన పొడి ఒక్కసారిగా మొదలుపెడితే మాత్రను పనిచేయనివ్వదు."

"ఆడవాళ్లకు మంచిదన్నారండీ!"

"మీకు మంచిదేనండీ. ఆవిడకు కాదు."

దోసెడు పొడి మాట అప్పుడు గుర్తొచ్చింది. అందులో సగం గడ్డి కలిపి మోసం చేసి ఉంటే అక్కకు ఇంత ప్రమాదం వచ్చేది కాదు. అది అసలుదే కాబట్టి వచ్చింది. పొడి నిజమా, అబద్ధమా అన్నదే చూశాను గానీ, ఎవరికి ఇస్తున్నానో చూడలేదు.

పొడి మాన్పించి, మాత్ర సర్ది, వారం వారం పరీక్ష చేస్తే అంకె మళ్లీ దారికొచ్చింది. పొడి గురించి అక్క నన్ను ఒక్క మాట అనలేదు. కానీ రోజూ సాయంత్రం ఆరింటికి వీడియో కాల్ చేస్తుంది. మాత్ర అరచేతిలో పెట్టి చూపిస్తుంది. నీళ్లతో మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి కూడా చూపిస్తుంది. "వద్దక్కా" అంటాను.

"చూడవే, సరిగ్గా చూసుకో" అంటుంది.