గులాబీ రంగెక్కిన చామంతులు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. కాపురం ఎల్బీ నగర్‌లో. బంద్ అంటే మాకు సెలవు. అలాంటి ఒక రోజు పొద్దున్నే, మొక్కలో నీరు పైకి ఎలా ఎక్కుతుందో పిల్లలకు చూపించాలని ముందుగా ఇంట్లో ప్రయోగం చేసి చూశాను. మా కుండీలోని తెల్ల చామంతులను పొడుగు కాడలతో కోసి, నీళ్ల సీసాలో పెట్టి, అందులో ఎర్ర సిరా ఒంపాను. సీసాను వరండా గోడ మీద గాలి తగిలేలా ఉంచి వంటపనిలో పడ్డాను.

మధ్యాహ్నానికి రేకులు గులాబీ రంగుకు తిరిగాయి. అప్పట్లో మా వీధిలో ఆ రంగుకు ఒకటే అర్థం.

మా ఓనరుగారిది కృష్ణా జిల్లా. రిటైరైన పెద్దమనిషి, పై వాటాలో ఉండేవారు. మెట్లు దిగుతూ సీసాను చూసి ఆగిపోయారు.

"పొద్దున ఇవి తెల్లగా ఉన్నాయి కదమ్మా. మీరు కూడా ఉద్యమంలోకి దిగారా?" అని మెల్లగా అడిగారు.

కాడలో దారువు అనే సన్నటి గొట్టాలుంటాయనీ, ఆకులూ రేకుల్లోంచి నీరు ఆవిరైపోతుంటే కింది నీరు దాని వెనకే పైకి వస్తుందనీ, సిరా కూడా ఆ నీటితో ఎక్కిందనీ చెప్పాను. ఆయన నమ్మలేదు. ఇంకో తెల్లపువ్వు కోయించి, స్వయంగా సీసాలో పెట్టి, దాని ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. కాఫీ కూడా అక్కడికే తెప్పించుకున్నారు. సాయంత్రం రేకుల మీద గులాబీ గీతలు కనబడగానే నన్ను కేకేశారు.

"మోటారు లేదు, కరెంటు లేదు! ట్యాంకులోకి నీళ్లెక్కించలేక నేను రోజూ చస్తున్నానే."

సరిగ్గా అప్పుడే కింది వాటాలో ఉండే బస్సు కండక్టరు వచ్చాడు. నల్గొండ వైపు మనిషి, సమ్మెలో ఉన్నాడు. గులాబీ పూల ముందు కూర్చున్న ఓనరుగారిని చూసి అతని మొహం వెలిగిపోయింది.

"సారూ, మీరు గూడ మా దిక్కే ఒచ్చిండ్రా?"

"ఇది బాటనీ నాయనా."

"ఏదైతేంది సారూ. మా సమ్మె టెంటుకు గిసొంటి పూలే కావాలె. రేపటికి గంపెడు అయితయా?"

ఓనరుగారు ఇరకాటంలో పడ్డారు. ఔనంటే తమవాళ్లు ఏమనుకుంటారో. కాదంటే ప్రయోగం ఇక్కడితో ఆగిపోతుంది. కాసేపు గడ్డం గోక్కుని, పూలు నువ్వు తెచ్చుకో, సిరా సంగతి నేను చూసుకుంటానన్నారు.

మర్నాడు వరండా నిండా బకెట్లే. కాడలు నీళ్లలో ముంచి ఏటవాలుగా కోయకపోతే గాలి బుడగ అడ్డుపడుతుందని నేను చెప్పిన మాటను పట్టుకుని, ఓనరుగారు కండక్టరును చీవాట్లు పెడుతూ కోయించారు. ఆయన తెల్ల పంచె మీద సిరా చిందింది. గంప టెంటుకు చేరాక, ఆంధ్రా ఓనరు చేసిచ్చిన పూలంటే అక్కడెవరూ నమ్మలేదట. ఇద్దరు పెద్దమనుషులు చూసిపోదామని ఇంటికే వచ్చారు. ఓనరుగారు వాళ్లను కూర్చోబెట్టి, నా పాఠాన్ని నాకంటే పెద్ద గొంతుతో మొదటి నుంచి చివరిదాకా చెప్పారు. సిరా ఎరుపైతే పువ్వు గులాబీ ఎట్లయిందని వాళ్లడిగినప్పుడు మాత్రం నా వైపు చూశారు. నీళ్లు కలిసి సిరా పలచబడింది, రేకు తెలుపు దానికి తోడయిందని చెప్పాను.

ఆ ఆదివారం ఆయన బంధువులింట్లో పెళ్లికి సిరా అంటి గులాబీ రంగుకు తిరిగిన చేతివేళ్లతోనే వెళ్లారు. అక్కడ ఎవరేమన్నారో చెప్పలేదు గాని, తిరిగొచ్చేటప్పుడు మండపంలోంచి పొడుగు కాడల తెల్ల లిల్లీలు ఒక కట్ట పట్టుకొచ్చి, వీటికి ఎంతసేపు పడుతుందమ్మా అని అడిగారు.