స్పిరిట్‌లో దిగిన నీలం

రెండువేల ఇరవై మూడు వేసవి. రాజమండ్రిలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో నేను అటెండర్ని. చదివింది ఐదో తరగతి, చేసే పని గాజుసామాను కడగడం. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా కడుగుతున్నాను. ఏ బీకరులో ఏం కాచారో మరకను బట్టి చెప్పగలను.

ఆ ఏడాది మాధవి అనే అమ్మాయి అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. టైటానియం డయాక్సైడ్ అని, గోడ రంగుల్లో కలిపే తెల్లపొడి ఒకటుంటుంది. ఎండ తగిలితే అది నీళ్లలోని మురికిని విరగ్గొట్టేస్తుంది. అలాంటి పొడిని ఫోటోకెటలిస్ట్ అంటారు. కాకపోతే దాని పని నిదానం. జోరు పెంచాలని మాధవి కొబ్బరి చిప్పల బొగ్గు నూరి కలిపింది. ఆ పొడిని నీలం రంగు నీళ్లలో వేసి మేడమీద పెడితే గంటలో నీళ్లు తేటపడ్డాయి. ల్యాబంతా సంబరం. చీరలకు రంగులద్దే కార్ఖానా ఆయన ఒకరు, తన మురుగునీటి మీద చేసి చూపిస్తే తొట్టె కట్టిస్తానన్నాడు. ఆ మురుగు పోయేది కాలువలోకే. దిగువ ఊళ్లవాళ్లు వాడుకునేదీ ఆ నీళ్లే.

సంబరం వాళ్లది, చాకిరీ నాది. మా దగ్గర చివరి కడుగు స్పిరిట్‌తో. ఆ బీకర్లలో స్పిరిట్ పోసి తిప్పడం ఆలస్యం, అడుగునున్న పొడిలోంచి నీలం చిక్కగా దిగేది. వేళ్లు నీలం, సింకు నీలం. తోమలేక ప్రాణం విసిగిపోయింది.

“ఏంటండీ మాధవి గారూ, రంగు పోయిందంటారు. నా చేతులు చూడండి!”

“గ్లౌజులు వేసుకోండి ఆంటీ. ఎన్నిసార్లు చెప్పాలి?”

“గ్లౌజుల మాట కాదమ్మా, ఈ రంగు ఎక్కడిదంటున్నాను.”

“అంచులకి అంటుకుని ఉంటుంది. ప్లీజ్ ఆంటీ, శుక్రవారం డెమో ఉంది.”

మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ గ్లౌజులే. ఒళ్లు మండి, బుధవారం పొద్దున మిగిలిపోయిన రంగునీళ్లలో చిటికెడు పొడి కలిపి, స్టీలు గిన్నెలో పోసి మూతపెట్టి బీరువాలో పెట్టాను. మధ్యాహ్నం ఆమె ముందు మూత తీశాను. నీళ్లు తేటగా ఉన్నాయి.

“దీనికి ఎండ ఎక్కడ తగిలిందమ్మా?”

మాధవి నీళ్లు వంపేసి అడుగునున్న పొడి తీసింది. ఆ పొడిని తనే స్పిరిట్‌లో వేసింది. నీలం దిగింది. రంగును విరగ్గొట్టలేదు, బొగ్గు పీల్చుకుని దాచుకుందంతే.

“ముందు చీకట్లో పెట్టి చూడాలి ఆంటీ. తొందరలో మానేశాను.”

“మానేశారా! నెలరోజులు నాచేత ఇంత నీలం తోమించి?”

ఏడుపు మొహంతోనే ఫోన్ చేసి డెమో వద్దంది. కార్ఖానా ఆయన అరుపులు నాకూ వినబడ్డాయి. మళ్లీ పిలవలేదు. మాధవి బొగ్గు బాగా తగ్గించింది. బొగ్గు పీల్చగలిగినంతా పీల్చేసి నీలం ఇక తగ్గదనేదాకా చీకట్లో ఉంచి, ఆ తర్వాతే ఎండలో పెట్టింది. వానలు పడేముందు ఒకరోజు ఆ పొడి మీద పోసిన స్పిరిట్ తేటగానే నిలిచింది. గంట కాదు, రోజంతా ఎండ పట్టింది.

తప్పు నాదీ ఉంది. మరక పోవట్లేదని సణిగానే గాని, మొదటిరోజే ఆ స్పిరిట్ గ్లాసులో పోసి ఆమె ముందు పెట్టలేదు. తొట్టె కట్టేసి ఉంటే, పొడి మార్చి పాతది పారబోసిన రోజున ఆ నీలమంతా కాలువలోకే దిగేది. ఇప్పుడు ఏ బీకరైనా కడిగేముందు, “పారబోయనా, చూస్తారా?” అని అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.