ఒకటి తక్కువ పెట్టు

ఆదివారం వస్తే మా ఆయన తుపాకీ పట్టుకుని బయల్దేరేవారు. ఉలిక్కిపడకండి, టెక్సాస్‌లో అదేం వింత కాదు. ఆయన పనిచేసే మెషిన్ షాపులో సగం మంది ఆదివారం పొద్దున చర్చికి వెళ్లేవాళ్లు, మిగతా సగం షూటింగ్ రేంజికి. మాకు చర్చి లేదు, అప్పటికింకా దగ్గర్లో గుడీ లేదు. కాలేజీ రోజుల్లో క్యాడెట్‌గా రైఫిల్ పట్టిన సరదా ఆయనలో ఎక్కడో మిగిలిపోయినట్టుంది. డెబ్బైల చివర్లో ఒక పాత పిస్టల్ కొనుక్కుని రేంజిలో చేరారు.

మాకున్నది ఒకటే కారు. వారానికి సరిపడా సరుకులు రేంజి నుంచి తిరిగొచ్చేటప్పుడే తెచ్చుకోవాలి. అందుకని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి ఆ మట్టిరోడ్డు చివరిదాకా నేనూ, మా అమ్మాయీ కూడా వెళ్లక తప్పేది కాదు. పులిహోర డబ్బా, మడత కుర్చీ, చెవుల్లో దూది. ఆ ఎండలో కూర్చుని నేను తిట్టిన తిట్లు ఆ చప్పుళ్లలో ఎవరికీ వినపడలేదు గనక సరిపోయింది.

కాల్చడం చిటికెలో అయిపోయే పని. చాకిరీ అంతా మ్యాగజీన్ నింపడంలోనే ఉంది. మ్యాగజీన్ అంటే తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చే సన్నని ఇనుప గొట్టం. అడుగున స్ప్రింగు ఉంటుంది. ఒక్కో తూటానీ బొటనవేలితో కిందికి అదిమి లోపలికి తోయాలి. ఆయన పిస్టల్‌కి ఏడు పట్టేవి. మొదటి నాలుగూ మాట వింటాయి. ఐదోది మొండికేస్తుంది. ఏడోదానికి వచ్చేసరికి బొటనవేలు కందిపోతుంది.

మొదట్లో ఆయన కబుర్లు చెబుతూ, చేతివైపు చూడకుండానే ఏడూ నింపేసేవారు. మూడో ఏడాది కాబోలు, ఆరుతో ఆపడం మొదలుపెట్టారు.

"ఒకటి తక్కువ పెట్టాలోయ్. స్ప్రింగ్ మీద లోడ్ పడకూడదు," అన్నారు.

ఆయన ఇంజినీరు. ఆయన చెప్పాక కాదనడానికి నేనెవర్ని? పైగా పక్క బల్లల దగ్గర కూడా కొందరు అలాగే ఒకటి తగ్గించి పెట్టుకునేవాళ్లు.

రేంజి చూసుకునే పెద్దాయన ఒకరు ఉండేవారు. కీళ్లవాతంతో వేళ్లన్నీ వంకర్లు పోయిన మనిషి. మా ఆయన అవస్థ చూసి ఒకరోజు దగ్గరికొచ్చి, "బొటనవేలిని అంత కష్టపెట్టకు బాబూ," అని కిటుకు చూపించారు. మ్యాగజీన్‌ను గాల్లో పట్టుకోకూడదు, బల్లమీద ఆనించాలి. లోపలున్న తూటాని వేలితో కాదు, చేతిలో ఉన్న కొత్త తూటా అంచుతోనే కిందికి నొక్కి, అదే ఊపున వెనక్కి జార్చాలి. ఆ వంకర వేళ్లతో ఆయన ఏడూ టకటకా నింపి మా ముందు పెట్టారు.

మా ఆయన అభ్యాసం చేశారు. కొన్ని వారాలు బాగానే సాగింది, తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. ఆ ముసలాయన వేళ్లు చేయగలిగిన పని నలభై ఏళ్ల మనిషి వేళ్లు ఎందుకు చేయలేకపోతున్నాయని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తోంది.

తర్వాత నేను నింపడం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు. ఎలాగూ ఖాళీగా కూర్చున్నాను కదా అని మడత కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని, నాకు నేనుగా ఆ పని తీసుకున్నాను. ఇంట్లో కంచం పెట్టేదాన్ని, మంచినీళ్లు పెట్టేదాన్ని, ఆఫీస్‌కి వెళ్లేటప్పుడు రుమాలు మడిచి ఇచ్చేదాన్ని. ఇదీ ఆ వరసలో చేరిపోయింది. ఆ రేంజిలో ఎవరి మ్యాగజీన్ వాళ్లే నింపుకోవడం రివాజు. పెద్దాయన టోపీ పైకెత్తి, "ఇలాంటి పెళ్లాం ఎక్కడ దొరుకుతుందయ్యా?" అని మా ఆయన్ని అడిగారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాటకి నేను పొంగిపోయాను.

ఆ రోజుల్లోనే ఆయన స్పూన్‌తో తినడం మొదలుపెట్టారు. కంచంలో అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి ఉంటే చేత్తో కలపకుండా స్పూన్ అడిగేవారు. ఒక స్నేహితుల ఇంట్లో అందరం కార్పెట్ మీద పేపర్ ప్లేట్లు పెట్టుకుని తింటుంటే, ఈయనొక్కరే స్పూన్ కావాలన్నారు.

"ఏం గురూ, చెయ్యి వదిలేశావ్! సిటిజన్‌షిప్ గానీ అప్లై చేశావా?" అన్నాడు ఆ ఇంటాయన.

"గ్రీన్ కార్డుకి ఫోర్కు, సిటిజన్‌షిప్‌కి స్పూను," అన్నారు ఈయన.

గది గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్విందాన్ని నేనే. ఆ రోజు నుంచి ఆయన్ని దొరగారు అని పిలవడం మొదలుపెట్టాను. మా అమ్మాయి కూడా, "అమ్మా, నాన్న ఫుల్ అమెరికన్ అయిపోయింది," అనేది దాని తెలుగులో.

అన్నం ముద్దని నోట్లోకి పంపేది బొటనవేలే. నాలుగు వేళ్లూ ముద్దని మోసుకొస్తాయి, చివర్లో బొటనవేలు వెనకనుంచి నెట్టాలి. పుట్టిన దగ్గర్నుంచీ చేసే పని గనక ఎవరూ గమనించరు. తూటాని మ్యాగజీన్‌లోకి నెట్టేదీ అదే వేలు. మన మనిషి స్పూన్ పట్టుకుంటే వేషాలు మారాయనుకుంటాం గానీ, వేలు చచ్చిపోతోందని ఎవరనుకుంటారు? మన వేషాల గొడవ తెలియని ఏ తెల్లవాడు చూసినా, చేత్తో తినే మనిషి ఎందుకు మానేశాడని ముందు ఆ చేతినే చూసేవాడేమో.

జంతికల గొట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మేము చివరిసారి మనసారా సంతోషించింది దానివల్లే. దీపావళికి జంతికలు వత్తుతుంటే ఆయన స్టవ్ పక్కన నిలబడి చూస్తున్నారు.

"నువ్వు వేలితో నొక్కట్లేదు. అరచేత్తో నొక్కుతున్నావ్," అన్నారు.

"వేలితో జంతికలు ఎవరు వత్తుతారండీ?"

మర్నాడు ఆయన షాపులో మిగిలిన అల్యూమినియం ముక్క కోసి, రాకి, మ్యాగజీన్ నెత్తిన తొడిగే ఒక టోపీలాంటిది చేసుకొచ్చారు. దానికి లోపల చిన్న నాలుక, పైన అరచెయ్యి ఆనేలా గుండ్రటి పిడి. అరచేత్తో అదిమితే నాలుక తూటాల్ని కిందికి దించుతుంది. ముందువైపున్న సందులోంచి కొత్త తూటాని జారిస్తే చాలు, బొటనవేలితో పనే లేదు. ఆదివారం రేంజిలో ఏడూ తనే నింపుకున్నారు. చుట్టూ జనం మూగారు. నాకొకటి, నాకొకటి అని అడిగారు. పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, దీనికి పేటెంట్ తీసుకోమన్నారు. ఇంటికొచ్చేదాకా ఆయన పాడుతూనే ఉన్నారు, రాగం ఒకటి, పాట ఒకటి.

ఎంత మంచి పనిముట్టో! జబ్బుకి కూడా బాగా ఉపయోగపడింది. దాని చాటున ఇంకో ఆరు నెలలు హాయిగా దాక్కుంది.

ఆ తర్వాత ఒక ఆదివారం రేంజి పార్కింగ్ లాట్‌లో కారు స్టార్ట్ కాలేదు. కారులో లోపం లేదు. తాళంచెవి ఆయన వేళ్ల మధ్య నిలవడం లేదు. మూడుసార్లు ప్రయత్నించారు. నేను మొదట నవ్వాను. ఆయన ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది.

"నువ్వు తిప్పు," అన్నారు, అద్దంలోంచి రోడ్డువైపు చూస్తూ.

పక్క సీట్లోంచి ఒంగి నేను తాళం తిప్పాను. ఆయన డ్రైవ్ చేశారు. సరుకులు కూడా తెచ్చుకున్నాం. అక్కడా సులువైన దారే కనిపెట్టామన్నమాట. అలా అయిదు వారాలు నేను తాళం తిప్పుతూనే ఉన్నాను. పొద్దున ఆయన ఆఫీస్‌కి బయల్దేరుతుంటే నైటీ మీద స్వెటర్ వేసుకుని పార్కింగ్‌లోకి దిగేదాన్ని. ఆఫీసు దగ్గర ఎవరు తిప్పేవారో నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

ఆరో వారం డాక్టర్ దగ్గరికి వెళ్లాం. అక్కడినుంచి ఇంకో డాక్టర్ దగ్గరికి పంపారు. కండల్లో సూదులు గుచ్చి, కరెంటు పెట్టి చూశారు. ఆ డాక్టర్ మా ఆయన కుడిచేయి పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చోటు నాకు చూపించాడు. అక్కడ కండ లేదు, గుంట పడి ఉంది. ఆ గుంట నేను చూడకపోలేదు. సన్నబడ్డారు అనుకున్నాను.

"ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు.

ఆయన నావైపు చూశారు. నేను జవాబు చెప్పడానికి వెనక్కి లెక్కపెట్టాను. తాళంచెవి. అంతకుముందు అల్యూమినియం టోపీ, స్పూను, నా మడత కుర్చీ, పెద్దాయన కిటుకు. అన్నిటికంటే ముందు, ఒకటి తక్కువ పెట్టాలి అన్న మాట. రెండేళ్లు దాటింది. పనిముట్ల పేర్లు చెబుతూ జబ్బు వయసు చెప్పాల్సి వచ్చింది నాకు.

నరాలు చచ్చిపోతున్నాయి, కండలు వాటి వెంటే పోతాయి, చేతులతో ఆగదు, గొంతుదాకా వస్తుంది, మందు లేదు అని డాక్టర్ మెల్లగా, మర్యాదగా చెప్పాడు.

"రెండేళ్ల కిందటే వచ్చి ఉంటే?" అన్నాను.

"ఏమీ తేడా ఉండేది కాదమ్మా. మీ తప్పేం లేదు."

ఓదార్చాననుకున్నాడు పాపం. నాకు మాత్రం అతని మీద పట్టరాని కోపం వచ్చింది. నా తప్పే అన్నా బాగుండేది. జీవితాంతం ఏడవడానికి ఒక కారణమైనా ఉండేది. ముందు చూసుకున్నా, చూసుకోకపోయినా, నవ్వినా, ఏడ్చినా అన్నీ ఒకటేనని తేల్చి చెప్పి మమ్మల్ని బయటికి పంపించేశాడు.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్స్ వచ్చాక చేసిన మొదటి పని పిస్టల్ తీసుకెళ్లి రేంజి పెద్దాయనకి ఇచ్చేయడం. ఇంట్లో ఇక అది ఉండకూడదనిపించింది. ఎందుకో మా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు, ఇద్దరికీ తెలుసు. పెద్దాయన వంకర వేళ్లతో నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అల్యూమినియం టోపీ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. జంతికల గొట్టంతో పాటు అదే సొరుగులో పడి ఉంది.

మరో ఏడాదికి ఆయన చేతులు రెండూ ఒళ్లో పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. మాట ముద్దగా వచ్చేది. ఒక మధ్యాహ్నం నేను స్పూన్‌తో పెట్టబోతే తల తిప్పేసుకున్నారు.

"చేత్తో పెట్టు," అన్నారు.

పప్పన్నం మెత్తగా పిసికి, నెయ్యి వేసి, ఉసిరికాయంత ముద్దలు చేసి కంచం అంచున వరసగా పేర్చాను. పెదవుల దగ్గర పెట్టి బొటనవేలితో మెల్లగా లోపలికి నెట్టాను. మింగడానికి చాలాసేపు పట్టేది. అది దిగేదాకా ఆయన గొంతువైపే చూస్తూ కూర్చునేదాన్ని. అనుకోకుండానే పేర్చిన ముద్దలు ఏడు. ఆయన వాటివైపు చూశారు, నావైపు చూశారు. కళ్లలో ఆ పాత కొంటెతనం ఒక్క క్షణం కనపడింది.

"ఒకటి తక్కువ పెట్టు," అన్నారు.

నవ్వాను. నిజంగానే నవ్వాను. ఏడో ముద్ద నేను తినేశాను.

చలికాలం వచ్చేసరికి ఆరు అయిదయ్యాయి, తర్వాత నాలుగు. ఒకటి తగ్గాల్సి వచ్చినప్పుడల్లా ఆయన అదే మాట అనేవారు. మాట పూర్తిగా పోయాక కంచంవైపు చూసి కనురెప్పలు వాల్చేవారు. దీనికి సులువైన దారి ఇద్దరం చాలా వెతికాం. మెత్తగా చేశాను, పల్చగా చేశాను, గడ్డం కింద చెయ్యిపెట్టి తల ఎత్తి పట్టుకున్నాను. ఈ లెక్క ఎక్కడ ఆగుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన కనురెప్పలు వాల్చినప్పుడల్లా నేను మర్నాడు ఒకటి తక్కువ పెట్టేదాన్ని.