ఖర్జూరం చెట్టు మీద ఈత గీత

ఆ ఇంజనీరు సారు మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోనివ్వాలని కూడా లేదు.

ఆరో తరగతిలో బడి మానేసి, మా బాపు వెనకాలే ఈతచెట్లు ఎక్కి కల్లు గీసినవాణ్ణి. నడుముకు మోకుతాడు కడితే కోతికి కూడా నన్ను చూసి కుళ్ళు. సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఈ ఖర్జూరం తోట పనికి వచ్చిన రోజు చెట్లను చూసి నవ్వాను. మన ఈతచెట్టే, గల్ఫుకొచ్చి ఒళ్ళు చేసింది. పూత కాలంలో మగపూల రెమ్మలు కోసుకొచ్చి ఆడ గెలల్లో కట్టాలి. “పొద్దుగాల్నే యాభై పెండ్లిళ్ళు చేసిన, ఒక్కడన్న బువ్వ పెట్టిండా?” అని రూములో వాళ్ళను నవ్వించేవాణ్ణి.

ఆ ఉదయం రెండు నిలువుల చెట్టెక్కి ఎండుమట్టలు నరుకుతుంటే ఒక పచ్చిమట్ట కూడా తెగి, లోపలి తెల్లటి మెత్తటి భాగం బయటపడింది. నా చెయ్యి నన్నడగలేదు. చిన్నప్పటి నుంచి చేసిన పనే చేసేసింది. ఏటవాలుగా, నున్నగా మూడుసార్లు చెక్కేసింది. నాకు తెలిసొచ్చేసరికి ఈత గీత పడిపోయింది, చుక్క కూడా ఊరింది.

దిగేసరికి కింద ఇద్దరున్నారు. ఒకరు తోట మేనేజరు, సౌదీ ఆయన, అందరం ముదీర్ అంటాం. రెండోవాడు మన తెలుగు ఇంజనీరు, గోదావరి వైపు మనిషి. అదేమిటని ముదీర్ అడిగాడు. పచ్చి గాయానికి ఎర్రపురుగు పడుతుంది, పురుగుమందు పూసి మట్టి మెత్తాలి, తప్పు నాదే అని చెప్పబోయాను. సారు నన్ను చెప్పనిస్తేగా! నవ్వుతూ ఇంగ్లీషులో అందుకున్నాడు, వీళ్ళ ఊళ్ళో చెట్లకు ఇలాగే కోసి మందు తీసి తాగుతారని.

ముదీర్ నవ్వలేదు. “ఖమర్?” అన్నాడు. అరబ్బీలో మద్యం అని. ఈ దేశంలో ఆ మాట మనమీద పడిందంటే ముందు జైలు, తర్వాత ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపడం, మళ్ళీ అడుగు పెట్టేది లేదు. ముదీర్ నా మోకు, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు లాక్కున్నాడు. రూమంతా వెతికించాడు. మా చెల్లె పంపిన మామిడికాయ తొక్కు సీసా మూత తీసి, వాసన చూసి తుమ్మాడు. ఇంకో రోజైతే పడి పడి నవ్వేవాణ్ణి. నన్ను పోలీసులకు ఇవ్వాలో వద్దో సాయంత్రం చెబుతానని వెళ్ళాడు.

మధ్యాహ్నం సారు వచ్చాడు.

“ఏదో సరదాకన్నానయ్యా. ఆయన అంత సీరియస్‌గా తీసుకుంటాడనుకోలేదు.”

“నేను దినాం పది జోకులేస్త సారూ. ఎవన్నన్న జైల్ల ఏసిన్నా?”

“నేను మాట్లాడతాలే. పూత ఆగదు కదా, ఆ చివరి వరుస ఎత్తు చెట్లు నువ్వు తప్ప ఎవడెక్కుతాడు?”

“ఓహో! పూత కోసం అచ్చినవా? నేను నా కోసమనుకున్న.” ఒళ్ళంతా మండింది. “నడువ్, ఇప్పుడే పోదాం. నా ముంగట్నే చెప్పు. హిందీల చెప్పు, నాకు సమజైతది.”

ముదీర్‌కు హిందీ నాలుగు ముక్కలొచ్చు. ఆఫీసులో ఆయన ముందు నిలబడి సారు “మజాక్, మజాక్” అన్నాడు. ముదీర్ నవ్వి మోకూ కార్డూ బల్ల మీద పెట్టాడు. నేను ముట్టుకోలేదు.

“జోకని చెప్పినవు, మంచిదే. అబద్ధమని ఎప్పుడు చెప్తవ్? గీడ మందు తియ్యలే, చెయ్యి తప్పిందని చెప్పు.”

“వదిలెయ్యవయ్యా, అయిపోయింది కదా!”

“నీకయిపోయింది. ఇయ్యాల నవ్విండు, రేపు యాదికొస్తే?”

సారు మెడ ఎర్రబడింది. నేల చూస్తూ, “మైనే ఝూట్ బోలా. ఇస్‌నే కుఛ్ నహీ కియా,” అన్నాడు, తను అబద్ధమాడాడని, నేనేం చెయ్యలేదని. ముదీర్ నవ్వు ఆగిపోయింది. పొద్దున నన్ను చూసిన చూపే ఇప్పుడు సారును చూశాడు.

నా కార్డు జేబులో పెట్టుకున్నాను, మోకు భుజానేసుకున్నాను. సారు వెనకాలే వచ్చాడు, ఎత్తు చెట్లు ఎప్పుడెక్కుతావంటూ. ముందు గాయం పడిన చెట్టే ఎక్కాను.

“తాడు ఇడిసిన, మట్టి బకెట్ కట్టియ్యి సారూ.”

ఇస్త్రీ చొక్కాతోనే కట్టిచ్చాడు. పురుగుమందు పూసి, మట్టి మెత్తి, ఖాళీ బకెట్ ఆయన కాళ్ళ దగ్గర పడేలా వదిలాను. ఇంకో బకెట్ మట్టి కలుపుకు రమ్మన్నాను.